మెట్ల కింద ఎన్ని బండలున్నాయి?

బియ్యం ఇంకా ఎన్నాళ్లు వస్తాయి, పప్పు డబ్బాలో ఎంత మిగిలింది, ఉల్లిగడ్డలు ఎప్పుడు నిండుకుంటాయి... నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది ఇల్లాలు. గ్యాస్ లెక్కా అంతే. కొత్త బండ తగిలించిన రోజు గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కన చిన్న గుర్తు పెట్టుకోని వాళ్లు మనలో ఎంతమంది? కానీ మీరుంటున్న బిల్డింగులో మొత్తం ఎన్ని బండలున్నాయి అని అడిగితే మాత్రం తడుముకుంటాం. కింద మడిగెలో ఎన్ని? మెట్ల సందులో గోనెపట్టా కప్పి ఉంచినవి ఎన్ని? పై గదిలో కిరాయికున్న పిల్లలు సంచిలో తెచ్చుకున్న ఆ చిన్న బుడ్డిని ఎక్కడ నింపించారు?

‘మన వంటింట్లో మన బండ జాగ్రత్తగా ఉంటే చాలదా’ అంటారేమో. చాలదు. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. తొమ్మిది మంది చనిపోయారు. అది గ్యాస్ కాదు, నిజమే. కానీ ఆ మంట పైనున్న వాళ్ల వంటింట్లో పుట్టింది కాదు. కింద ఏం పెట్టారన్నది పైన ఉండేవాళ్ల ప్రాణాల మీదికి తెచ్చింది. అప్పట్నుంచీ నాకు మెట్లు దిగేటప్పుడల్లా పక్కకు చూసే అలవాటయింది.

మాది నారాయణఖేడ్. ఊళ్లోవాళ్లం ఖేడ్ అనే అంటాం. కింద రెండు మడిగెలు, పైన మా కాపురం. ఒక మడిగెలో టైలర్ ఉంటాడు. రెండోది టిఫిన్ సెంటర్‌కు ఇచ్చాం. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కష్టజీవులు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బుతారు. వాళ్ల ఇడ్లీ మెత్తదనానికి నేను వంక పెట్టలేను. మొదట్లో రెండు నీలం బండలతో మొదలుపెట్టారు. గిరాకీ పెరిగింది. ఓరోజు నేను కూరగాయలకు దిగుతూ మెట్ల సందులో లెక్కపెడితే తొమ్మిది ఉన్నాయి. నిండు నీలంవి నాలుగు, ఖాళీ నీలంవి రెండు, ఎర్రవి మూడు. ఎర్రవి కూడా నిండువే. మా ఇంటికి ఆ మెట్లు తప్ప కిందికి వేరే దారి లేదు.

మావారితో అంటే, “గది మన పనా? ఏజెన్సీ వాళ్లు చూసుకుంటరు” అన్నారు. టిఫిన్ సెంటర్ ఆయన్ను అడిగితే, “ఏమైతదమ్మా, ఖేడ్ల అందరు గట్లనే పెడుతున్నరు” అన్నాడు. ఈ రెండు జవాబులూ మీ ఊళ్లోనూ వినే ఉంటారు. అందరూ అలాగే పెడుతున్నారన్నది అబద్ధం కాదు. బస్టాండు వైపు నడిచి చూడండి, ఏ మిర్చి బండి కిందైనా తొంగి చూడండి.

అసలు రూలేమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. కథలు రాసుకునేదాన్ని, చట్టాలు చదవడం నాకు కొత్త. కానీ నిఘంటువు అక్కర్లేని చోటు ఒకటి దొరికింది. అది ఒక అంకె.

వంద కిలోల గీత

గ్యాస్ బండల నిల్వకు దేశమంతటికీ వర్తించే నిబంధనలున్నాయి. పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది. దాని కింద చేసిన గ్యాస్ సిలిండర్ల నిబంధనలు ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 నాటివి. వీటిని చూసే కేంద్ర సంస్థను పెసో అంటారు, నాగపూర్‌లో దాని ప్రధాన కార్యాలయం. ఈ నిబంధనల ప్రకారం ఒకచోట లైసెన్సు లేకుండా ఉంచుకోదగ్గ వంటగ్యాస్ మొత్తం 100 కిలోలు. దాటితే లైసెన్సు కావాలి, దానికి తగిన షెడ్డు కావాలి, చుట్టూ ఖాళీ జాగా కావాలి.

ఇక లెక్క మనకు వచ్చిందే. హోటళ్లు వాడే నీలం బండలో 19 కిలోల గ్యాస్. ఐదు పెడితే 95. ఆరోది పెట్టారా, గీత దాటినట్టే. మన ఎర్ర బండలో 14.2 కిలోలు. మా మెట్ల కింద నాలుగు నీలంవి 76, మూడు ఎర్రవి 42.6, మొత్తం 118.6 కిలోలు. ఖాళీ బండల అడుగున మిగిలినది వేరు. ఖాళీ అంటాం గానీ పొయ్యి వెలగనంత మాత్రాన బండలో ఏమీ లేనట్టు కాదు. అందుకే ఖాళీ బండకు కూడా మూతి మీద ప్లాస్టిక్ మూత పెట్టాలంటారు. ఆ మూతను దారంతో బండకే కట్టి పంపేది ఎందుకనుకున్నారు? తీసి అవతల పారేయడానికి కాదు.

వంద కిలోలన్నారు కదా అని ఇంట్లో ఏడు బండలు పెట్టుకోవచ్చనుకునేరు. ఇంటికి ఇచ్చేది ఒకటే కనెక్షన్, దానికి మహా అయితే రెండు బండలు. ఇక ఎర్ర బండ హోటల్లో ఒక్కటి కూడా ఉండకూడదు. 2000లో నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చిన ఎల్పీజీ సరఫరా, పంపిణీ ఉత్తర్వు ఇంటి గ్యాస్‌ను వ్యాపారానికి వాడటాన్ని, ఒక బండలోంచి ఇంకో బండలోకి గ్యాస్ మార్చడాన్ని నిషేధించింది. అంటే మా మెట్ల కింద తప్పు ఒకటి కాదు, రెండు.

బండలు ఎలా ఉంచాలన్నదీ రాసి ఉంది. నిలబెట్టే ఉంచాలి. పడుకోబెట్టి కట్టెల్లా పేర్చకూడదు. గాలి ఆడే చోట, ఎండ తగలకుండా, పొయ్యికీ మంటకూ దూరంగా పెట్టాలి. నేలకంటే పల్లంలో, సెల్లార్లలో పెట్టకూడదు. మనుషులు తప్పించుకుని పోవలసిన దారిలో అసలే కూడదు. మెట్ల కింద అన్నది ఈ చివరి మాటకు సరిగ్గా ఎదురు.

పెద్ద భవనాలకైతే ఫైర్ శాఖ వాళ్ల నిరభ్యంతర పత్రం అనేది ఒకటుంది. 18 మీటర్లు దాటిన నివాస భవనాలు, 15 మీటర్ల వాణిజ్య భవనాలు, 500 చదరపు మీటర్ల జాగాలో కట్టిన ఫంక్షన్ హాళ్లు, బళ్లు దాని కిందికి వస్తాయి. కింద మడిగె, పైన కాపురం ఉండే మనలాంటి ఇళ్లు ఆ ఎత్తుకు అందవు. కాబట్టి మన మెట్ల కింద చూడటానికి ఏ ఆఫీసరూ రాడు. చూడాల్సింది మనమే.

మా ఇంట్లో ఈ పంచాయితీ తెగ్గొట్టింది నా చట్టం కాదు, మా అత్తగారు. మోకాళ్ల నొప్పులతో రోజుకు ఒక్కసారి మెట్లు దిగడమే గగనం ఆవిడకు. నేను కాగితం చదువుతుంటే విని, “మంటలు లేస్తే మీరు దుంకుతరు. నేనేడికి ఉర్కాలె?” అంది. మావారు ఇంకేం మాట్లాడలేదు. ఆ సాయంత్రమే కిందికి దిగి మాట్లాడి వచ్చారు. వెనక దొడ్లో గోడ వారగా మూడు వైపులా జాలీ కట్టి, పైన రేకు వేసి బండలకు వేరే జాగా చేశారు. ఖర్చు అతను పెట్టుకున్నాడు, మేం ఏడాదిపాటు నెలకు ఐదు వందలు కిరాయి తగ్గించాం. ఎర్ర బండలు వాటి ఇళ్లకు వెళ్లిపోయాయి. ఇప్పుడు నిండువి ఎప్పుడూ నాలుగే. బోనాలకో దసరాకో ఇంకొకటి వస్తుంది. ఐదు వరకు నేనేం అనను.

కిటికీ పైన, గ్యాస్ కింద

రూలు ఎందుకు పెట్టారో తెలిస్తే పాటించడం బరువనిపించదు. మన బండలో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. ఒక గ్లాసెడు ద్రవం బయటికొస్తే దాదాపు 250 గ్లాసుల గ్యాస్ అవుతుంది. అది గాలికంటే బరువు. పొగలా పైకి పోదు, ఒలికిన నీళ్లలా నేలబారున పాకుతుంది. గడప దాటి, పల్లం వెతుక్కుని, మోరీలోకీ మెట్ల సందులోకీ చేరి కూర్చుంటుంది. మన వంటింటి కిటికీ ఏమో ఛాతీ ఎత్తులో! వెంటిలేటర్ ఇంకా పైన. అందుకే బండ ఉన్న చోట నేలకు దగ్గరగా గాలి పోయే సందు ఉండాలంటారు. తలుపు కింద రెండు వేళ్ల సందున్నా మేలే. ఎలుకలొస్తాయని గుడ్డలు కుక్కేస్తాం చూడండి, దానికి బదులు జాలీ కొట్టించుకుంటే రెండు పనులూ అవుతాయి.

గాలిలో ఈ గ్యాస్ నూటికి రెండు పాళ్లు కలిస్తే చాలు, అంటుకుంటుంది. గ్యాస్‌కు తనంతట తనకు వాసన లేదు. కుళ్లిన కోడిగుడ్డు కంపు అంటామే, అది మనల్ని హెచ్చరించడానికి కలిపే ఇథైల్ మెర్కాప్టాన్ అనే రసాయనానిది. ఆ కంపు కొడితే చేయవలసిన మొదటి పని, ఏ స్విచ్చూ ముట్టకపోవడం. ఫ్యాన్ వేస్తే గాలికి పోతుంది కదా అనిపిస్తుంది. వేయడంలోనే నిప్పురవ్వ పుడుతుంది. ఆర్పడంలోనూ పుడుతుంది. దేవుడి గూటిలో దీపం ఉంటే కొండెక్కించాలి. మన ఇళ్లలో చాలా చోట్ల దేవుడు వంటింట్లోనే, అదీ బండ పక్కనే. గూడు కింద బండ పెట్టుకున్నవాళ్లు ఇది చదివాక లేచి ఒక్కసారి చూసుకోండి.

పత్రికల్లో ‘సిలిండర్ పేలి’ అని చదువుతుంటాం. చాలాసార్లు పేలేది బండ కాదు, గది. రాత్రంతా కారి, మూసిన గదిలో నిండిన గ్యాస్ పొద్దున్నే లైటు వేయగానే అంటుకుంటుంది. గోడలు కూలినా బండ చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. బండే చీలడం అన్నది వేరే సంగతి. దాని చుట్టూ మంట రేగి, లోపలి ద్రవం మరిగి, ఇనుము తట్టుకోలేకపోయినప్పుడు జరుగుతుంది. ఒకటి చీలితే ఆ మంట పక్కదానికి తగులుతుంది. ఒకచోట ఎన్ని ఉంచాలన్న అంకె ఇంత ముఖ్యం అయింది అందుకే.

రాజస్థాన్‌లో జోధ్‌పూర్ జిల్లా భూంగ్రా అనే ఊళ్లో 2022 డిసెంబరు 8న అదే జరిగింది. పెళ్లివారిల్లు. మగపెళ్లివారు తరలడానికి సిద్ధమవుతున్నారు. విందు వంటలకు తెచ్చిన బండలు ఇంట్లోనే ఉన్నాయి. ఒక దాంట్లోంచి గ్యాస్ కారి అంటుకుంది, తర్వాత మిగిలినవి అందుకున్నాయి. ముప్పై మందికి పైగా పోయారు. ఆడవాళ్లు, పిల్లలు చాలామంది. పట్టుచీరలు కట్టుకుని ఒకే ఇంట్లో గుమికూడి ఉన్న సమయం కదా అది.

మన పెళ్లిళ్లూ అంతేగా? ఫంక్షన్ హాల్ వెనక వంట మాస్టర్ ఎన్ని బండలు దించుకున్నాడో పెళ్లికూతురి తల్లికి తెలియదు. ఆమె సారె లెక్కల్లో ఉంటుంది. చలికాలంలో ఇంకో తమాషా చూస్తాం. మన సంగారెడ్డి జిల్లాలో కోహీర్ వైపు చలి ఒక్క అంకెలోకి పడిపోవడం మామూలే, ఖేడ్‌లోనూ వణుకే. అప్పుడు బండలో గ్యాస్ సగం ఉండగానే మంట సన్నగిల్లుతుంది. మాస్టర్ దాన్ని పడుకోబెడతాడు, లేదా వేడినీళ్ల టబ్బులో కూర్చోబెడతాడు. మరీ తెగించినవాళ్లు కింద నిప్పులు కూడా పెడతారు.

మంట ఎందుకు తగ్గుతుందంటే, ద్రవం గ్యాస్‌గా మారేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. పెద్ద పొయ్యికి గబగబా గ్యాస్ లాగుతుంటే బండ చల్లబడిపోతుంది. ప్రొపేన్ సున్నాకు 42 డిగ్రీలు దిగువన కూడా మరుగుతుంది గానీ బ్యూటేన్‌కు సున్నా దగ్గరే బద్ధకం. పడుకోబెడితే ఏమవుతుంది? గ్యాస్‌కు బదులు ద్రవమే పైపులోకి వస్తుంది. 250 రెట్లు అని ఇందాక చెప్పుకున్నాం కదా, ఆ లెక్కన పొయ్యి మీద భగ్గున లేస్తుంది. దీనికి సరైన ఉపాయం చాలా మామూలుది. పెద్ద పొయ్యికి ఒక బండ కాకుండా రెండు కలిపి పెట్టుకోవడమే. మాస్టర్‌కు అది తెలియక కాదు. ఇంకో బండ అద్దె ఎవరిస్తారన్నదే పేచీ. పెళ్లికి లక్షలు పోసేవాళ్లం ఆ వెయ్యో రెండు వేలో దగ్గర బేరమాడకూడదని నాకనిపిస్తుంది.

ఇక ఆ బుడ్డి సంగతి. గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు, కూలికొచ్చినవాళ్లు మూడు నాలుగు కిలోల చిన్న బండ కొని, గల్లీలో ఎక్కడో పెద్ద బండలోంచి కిలో లెక్కన నింపించుకుంటారు. కంపెనీ నింపేటప్పుడు బండలో ఐదోవంతు దాకా ఖాళీ వదులుతుంది. ఎండకు ద్రవం ఉబ్బితే ఒదగడానికి ఆ జాగా. గల్లీలో తూకం కన్నుతోనే కదా, మూతి దాకా నిండుతుంది. దాన్ని ఏప్రిల్ ఎండలో సైకిల్ వెనక కట్టుకుని పోతాడు పిల్లాడు. దీనికి చట్టబద్ధమైన దారి ఉంది. ఆయిల్ కంపెనీలే 5 కిలోల బండ అమ్ముతున్నాయి. ఇండేన్ వాళ్లు దానికి చోటూ అని ముద్దుపేరు పెట్టారు. అడ్రసు రుజువు అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలు. మీ ఇంట్లో కిరాయికుండే పిల్లలకు ఈ ముక్క చెప్పండి. నేను చెప్పాక మా పక్కింటి మేడ మీది అబ్బాయిలు మార్చుకున్నారు, ఖరీదు కాస్త ఎక్కువని సణుక్కుంటూనే.

మా పిన్ని కూతురు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. వాళ్లకు వంటకు కరెంటు పొయ్యి. ప్రొపేన్ బండ దొడ్లో మాంసం కాల్చుకునే గ్రిల్‌కే, అందులో తొమ్మిది కిలోలే. దాన్ని ఇంట్లోకి తేకూడదట. దుకాణం వాళ్లు కూడా బయట ఇనుప బోనులో పెట్టి అమ్ముతారట. అక్కడ చాలా నగరాల నిబంధనల్లో అపార్ట్‌మెంట్ కర్ర బాల్కనీలో అరకిలో డబ్బాకు మించి ఉంచనివ్వరు. మా వంటింట్లో 14 కిలోలు ఉంటుందంటే దాని పిల్లలు నోళ్లు తెరిచారట. వాళ్లవి చెక్క ఇళ్లు, మనవి ఇటుక గోడలు, పోలిక అంత సరికాదు. అయినా ‘బండ చోటు బయట’ అన్న మాట నాకు నచ్చింది. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు వంటింటి గోడకు అవతల బండకో చిన్న గూడు కట్టించి, రాగి గొట్టం లోపలికి తీసుకుంటున్నారు. పూజగదికి పెట్టే ఖర్చులో పదోవంతు కాదు.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలు ఆర్పబోయిన ఫైర్ సిబ్బంది చాలామంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకార్థం. ఆ వారంలో మీ ఊళ్లో ప్రదర్శన పెడితే తప్పకుండా వెళ్లండి, మగపిల్లల్ని కూడా తీసుకుపోండి. బండ మూతి దగ్గర భగభగ మండుతుంటే తడి గోనెసంచి కప్పి చిటికెలో ఆర్పేస్తారు. గాలి తగలకపోతే మంట బతకదు, అంతే. చూశాక సగం భయం పోతుంది. కానీ ఒక మెలిక ఉంది. మంట ఆరినా గ్యాస్ కారడం ఆగకపోతే అది మళ్లీ గదిలో నిండుతుంది, అది మంటకంటే చెడ్డది. కాబట్టి రెగ్యులేటర్ కట్టేయగలిగితేనే, మంట చిన్నగా ఉంటేనే ఆ సాహసం. లేదంటే అందర్నీ తీసుకుని బయటపడి 101కి ఫోన్ చేయడమే. వాసన మాత్రమే వస్తుంటే 1906. రాత్రీ పగలూ పలికే గ్యాస్ అత్యవసర నంబరు అది. ఫోన్ కూడా బయటికొచ్చాకే చేయాలి.

బండ ఎవరి పేరు మీదుంది?

ఇంతవరకూ వచ్చాం కాబట్టి, నేను అసలు చెప్పాలనుకున్న మాట చెబుతాను. మా ఇంటి మెట్ల కింది ఆ మూడు ఎర్ర బండలు ఎక్కడివి? ఆరా తీస్తే మూడూ ఆడవాళ్ల పేరు మీదివే.

ఇందులో వింత లేదు. మా అమ్మకు గ్యాస్ వచ్చింది దీపం పథకంలో. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది అది, డ్వాక్రా సంఘాల ఆడవాళ్లకు. అంతకుముందు గ్యాస్ కావాలంటే ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి, లేదా ఎంపీ గారి కూపన్ సంపాదించాలి. బండ ఇంటికొచ్చిన రోజు అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. 2016 మే 1న మొదలైన ఉజ్వల కూడా ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఐదు వందల రూపాయల బండ పథకానికి మహాలక్ష్మి అని పేరే పెట్టారు. కట్టెల పొగలో కళ్లు పోగొట్టుకున్న తరానికి ఇది చిన్న వరం కాదు.

అయితే మా వైపు తండాల్లో, ఊళ్లలో ఇంకా కట్టెల పొయ్యి పూర్తిగా ఆరలేదు. బండ చాయకూ, చుట్టాలొచ్చినప్పుడూ. ఏడాదికి నాలుగైదు బండలు వాడేవాళ్లకు ఒకటి మిగులుతుంది. మరిదో, అక్క కొడుకో టిఫిన్ బండి పెట్టుకుంటాడు. “వదినా, నీ బండ ఖాళీగనే ఉన్నది గద” అంటాడు. ఇవ్వనంటే బంధుత్వం చెడుతుంది. ఇస్తే నీలం బండ ధరకూ దీనికీ ఉన్న తేడాలో వందో రెండొందలో చేతిలో పెడతాడు. ఆమెకు అది సాయం. చట్టానికి మాత్రం అది ఆ పుస్తకం ఎవరి పేరు మీదుందో ఆ మనిషి చేసిన నేరం. నిత్యావసర వస్తువుల చట్టం కింద జైలుదాకా ఉంది.

బీమా సంగతి ఇంకా బాధ. గ్యాస్ ప్రమాదాలకు ఆయిల్ కంపెనీలు బీమా చేసి ఉంచుతాయి, మనం విడిగా ఏమీ కట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పిన లెక్క ప్రకారం చనిపోతే మనిషికి 6 లక్షలు, వైద్యానికి మనిషికి 2 లక్షల వరకు, ఒక ప్రమాదం మొత్తానికి 30 లక్షలు మించకుండా, ఇల్లు దెబ్బతింటే 2 లక్షల వరకు. ఈ ఇంటి నష్టం అన్నది పుస్తకంలో రాసిన అడ్రసుకే. ప్రమాదం జరగ్గానే డీలరుకు కాగితం మీద రాసివ్వాలి. ఐఎస్ఐ గుర్తున్న పొయ్యి, గొట్టం వాడారా అని చూస్తారు. నారింజ రంగు సురక్ష గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. మార్చిన రసీదు దాచుకోండి, బంగారం రసీదులు పెట్టే డబ్బాలోనే. బండ ఇంకొకరి బండి కింద ఉండి ప్రమాదం జరిగితే ఇవన్నీ ఎలా చూపిస్తారు?

ఆ మూడు బండల్లో ఒకటి మాకు పాలుపోసే ఆమెది. కంగ్టి వైపు తండా వాళ్లది. ఈ సంగతులన్నీ చెబితే చాలాసేపు ఊరకుంది. తర్వాత “నా పేరు మీద కేసైతదా? బండి ఆయనది గదనే అక్కా” అంది. మర్నాడు మరిదితో ఏం గొడవపడిందో చెప్పలేదు, బండ మాత్రం ఇంటికి తెచ్చుకుంది. రెగ్యులేటర్ అతని దగ్గరే ఉండిపోయిందట, దాని కోసం ఇంకా తిరుగుతోంది. బయట కొనుక్కుంటానంటే వద్దన్నాను. అది డీలరు దగ్గరే తీసుకోవాలి.

వారం తర్వాత పాలు పోస్తూ ఇంకో ప్రశ్న అడిగింది. వాళ్ల తండాలో చాలామందిలాగే ఆమె ఇంటివాళ్లూ దీపావళి అయ్యాక చెరకు కొట్టడానికి వెళ్లిపోతారు, ఇంటికి నెలల తరబడి తాళం. “అన్ని దినాలు బండను ఇంట్ల పెట్టి పోవచ్చునా? ఎవరింట్లనన్న పెట్టాల్నా?”

ఎవరింట్లోనూ పెట్టొద్దన్నాను. వాళ్లింట్లో రెండు, నీది ఒకటి, మళ్లీ లెక్క పెరుగుతుంది. రెగ్యులేటర్ వచ్చాక దాన్ని విప్పేసి, బండ మూతికి తెల్ల మూత గట్టిగా నొక్కి, నిలబెట్టి, తలుపు కింద సందు మూసుకుపోకుండా చూసి తాళం వేసుకోమన్నాను. తిరిగొచ్చాక తలుపు తీసి కాసేపు బయటే కూర్చొని, తర్వాతే లైటు వేయాలి. మూత ఉందా అని అడిగితే చిన్నదానికి ఆడుకోవడానికి ఇచ్చిందట. సాయంత్రం మా ఖాళీ బండ మూత ఒకటి తీసిచ్చి, మాదానికి డెలివరీ అబ్బాయి దగ్గర ఇంకొకటి అడిగి తీసుకున్నాను.